ఆడవాళ్ళు అడుగుపెట్టని గది

వీధి మొదటిదాకా ఎదురొచ్చి వడ్రంగి, కంపౌండరు చేతులు రెండూ పట్టుకున్నాడు.

"డిటెక్టివ్ గారూ, మీరే మా ఇంటిదాన్ని కాపాడాలి. ఇవాళే తీసుకుపోతామంటున్నారు."

కంపౌండరుకి ఇది అలవాటే. ఏ ఇంటికెళ్ళినా జనం ముందు ఆయన మీసం చూస్తారు, ఆ తర్వాతే పక్కనున్న మనిషిని చూస్తారు. ఆయన మెల్లగా చేతులు విడిపించుకున్నాడు.

"డిటెక్టివ్ ఆవిడ నాయనా. నేను మందుల సంచీ మోస్తాను, ఇంటికెళ్ళాక కూర తరుగుతాను."

వడ్రంగి నాలుక కరుచుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా."

"ఏం ఫరవాలేదు. చెప్పేది ఆయనకే చెప్పు. నేను వింటాను" అంది ఆవిడ.

వినడమే ఆవిడ వృత్తి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపింది. రిటైరయ్యాక ఆ చెవుల్ని ఊరికే ఉంచలేక ఈ పనిలో దిగింది. పెద్దా చిన్నా అందరూ ఆవిడని ఎక్స్చేంజి అక్క అంటారు. మొగుడు కంపౌండరు మాత్రం 'ఏమోయ్' అంటాడు. ఆ పిలుపులో ఎన్ని రకాలున్నాయో అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

నడుస్తూ వడ్రంగి చెప్పుకొచ్చాడు. వాళ్ళది భయం తీసే ఇల్లు. నిద్ర పట్టనివాళ్ళు, మనిషి పోయిన దుఃఖంలోంచి తేరుకోలేనివాళ్ళు, ఉలిక్కిపడి మాట పడిపోయిన పిల్లలు, పురుడొచ్చాక కారణం లేకుండా ఏడ్చే తల్లులు అక్కడికి వస్తారు. రోజూ సాయంత్రం నాలుగింటికి చీకటి గదిలో ఇంటిపెద్ద కుర్చీలో కూర్చుని, ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకుంటాడు. వాళ్ళు కళ్ళు మూసుకోగానే 'మాట' చెప్తాడు. అది మంత్రమో, జోలపాటో, ఓదార్పో విన్నవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం గుండెలమీద రాయి దింపినట్టుంటుందని అందరూ ఒప్పుకుంటారు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. మాట మగవాడిది, నిప్పు ఆడదానిది. ఆడవాళ్ళు కుంపటి రాజేసి, సువాసన పొడి చల్లి, గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోవాలి. మగవాడు కొంకి కర్రతో దాన్ని లోపలికి లాక్కుంటాడు. ఆడది ఆ గదిలో అడుగుపెట్టకూడదు, మగవాడు కుంపటి ఎత్తకూడదు.

మూడు నెలల క్రితం ఆ పెద్దాయన, వడ్రంగి తండ్రి, పోయాడు. అప్పట్నుంచి ఆ కుర్చీలో వడ్రంగి కూర్చుంటున్నాడు. నిన్న మధ్యాహ్నం వాళ్ళమ్మ, పెద్దావిడ, ఆ గదిని ఆనుకునే ఉన్న బొగ్గుల కొట్లో స్పృహ లేకుండా దొరికింది. తలుపు మూసి ఉంది. పక్కన కుంపటి కణకణలాడుతోంది. కొట్టుకి ఉన్న ఒకే ఒక్క గాలికంతలో ఖాకీ చొక్కా కుక్కి ఉంది. ఆ చొక్కా బస్సు కండక్టరుగా పనిచేసే కోడలిది.

"మీ అమ్మగారి మొహం ఎర్రగా ఉందా?" అని అడిగాడు కంపౌండరు.

"గులాబీ రంగులో ఉందండి. బాగా నిద్రపోతోందనుకున్నాం."

"బొగ్గు గాలి. దానికి రంగుండదు, వాసనుండదు. జోకొట్టి మరీ తీసుకుపోతుంది."

అక్క ఆ ఇంటి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టరుని చూస్తోంది. ఆ నిలబడడం ఆవిడకి బాగా తెలుసు. చిన్నప్పుడు అటుకెక్కి బెల్లం దొంగిలించాక కూడా వాడు సరిగ్గా అలాగే నిలబడేవాడు.

"వచ్చావా అక్కా" అన్నాడు తమ్ముడు, అంత సంతోషం లేకుండా. "బావగారూ, మీరూ వచ్చారూ. ఇక నేను టోపీ తీసేసి ఇంటికెళ్ళొచ్చు."

"వెళ్ళరా. మీ ఆవిడ నువ్వు మూడు పూటలా ఇంట్లో తినక ఎన్నాళ్ళయిందో చెప్పింది."

"తినడానికి టైమెక్కడిది? నువ్వు ముడి విప్పుతానని వచ్చి, ఒకటికి రెండు వేసి పోతావు. ఈ కేసులో విప్పడానికేం లేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది."

"ఏదీ, నా చేతిలోనూ పెట్టు."

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "ఈ ఇంట్లో కుంపటి ముట్టుకునేది ఆడవాళ్ళే. ఉన్నది ఇద్దరు. ఒకావిడ ఆస్పత్రిలో ఉంది. మిగిలిందెవరు? గాలికంతలో దొరికిన చొక్కా కోడలిది. సరిగ్గా ఆ సమయానికి కోడలు వెనక సందులో గాలికంత మీద చెయ్యి పెట్టి నొక్కడం ఇస్త్రీ ఆవిడ చూసింది. ఇదంతా ఎందుకు చేశావంటే నోరు విప్పదు. అత్తగారు ఆ కొట్లో ఏం చేస్తోందంటే అదీ చెప్పదు. అత్తాకోడళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా?"

"నాకూ అత్తగారుండేది. నేనావిణ్ణి ఏ కొట్లోనూ పెట్టలేదు."

"మా అమ్మే నిన్ను పెట్టేది, వీలుంటే" అన్నాడు కంపౌండరు.

తమ్ముడికి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "పాపం, ఆ వడ్రంగి వాళ్ళ బాబాయి లేకపోతే ఆవిడ దక్కేది కాదు. తలుపు తీసింది ఆయనే. మండుతున్న కుంపటిని బయటికి లాగబోయి చెయ్యి కాల్చుకున్నాడు. కట్టు కట్టించుకుని, అప్పట్నుంచి వదినగారి మంచం పక్కనే కూర్చున్నాడట. అదీ మనిషంటే. వీధిలో మాత్రం ఇంకో కథ తిరుగుతోంది. పెద్దావిడ చాటుగా మాట వినబోయిందనీ, అందుకే ఆ మాట ఆవిణ్ణి కొట్టిందనీ."

"ఆ కథ ఎవరు మొదలుపెట్టారు?"

"వీధికి నోరేమిటి, పేరేమిటి? నాలుగింటికి ముందు నేనీ అమ్మాయిని తీసుకెళ్ళిపోవాలి. ఆ వేళకి జనం చేరతారు. ఈసరికే మంత్రగత్తె అంటున్నారు."

అక్క మొహంలో నవ్వు పోయింది. "వాళ్ళాయన ఆ కుర్చీలో కూర్చుంటే దణ్ణం పెడతారు. ఆ పిల్ల గోడ పక్కన నిలబడితే మంత్రగత్తె. నాకొక్క గంటియ్యి తమ్ముడూ."

"అరగంట."

"చిన్నప్పుడు కూడా నువ్వు సగమే ఇచ్చేవాడివి" అని ఆవిడ లోపలికెళ్ళింది.

కోడలు వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది. డ్యూటీకి వెళ్ళకపోయినా ఖాకీ చొక్కా వేసుకుంది. ఏడ్చిన కళ్ళు, కానీ మెడ నిటారుగా ఉంది. రోజంతా ఊగే బస్సులో నిలబడే మనిషి మెడ అది. అక్క ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"కుంపటి రాజేసింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి. డ్యూటీ దిగొచ్చి రాజేశాను. ఇంకా నిప్పు పడలేదని ఇదిగో, ఇక్కడే పొయ్యి పక్కన ఉంచాను."

"తర్వాత?"

"వెనక సందులోకెళ్ళాను."

"ఎందుకు?"

కోడలు గచ్చు వైపు చూసింది. "అది చెప్పలేనండి."

"అక్కణ్ణించి?"

"స్నానానికెళ్ళాను. వచ్చేసరికి చినమామయ్య అరుస్తున్నారు."

"మీ అత్తగారు కొట్లో ఉన్నట్టు నీకు తెలుసా?"

కోడలు చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంది.

"అత్తగారితో ఏమన్నా పొరపొచ్చాలా?"

ఆ పిల్ల తలెత్తింది. "మా అమ్మ పోయినప్పుడు నేను బస్సులో టికెట్లు కొడుతున్నాను. కబురందిన దగ్గర్నించి నాకు నిద్ర లేదు, తిండి లేదు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. నేనిక్కడికి వచ్చింది పేషెంటుగానండి. మళ్ళీ నన్ను మనిషిని చేసింది ఈ ఇల్లు. ఆవిణ్ణి నేనేమన్నా చేస్తానా?"

"మనిషిని చేసింది మీ మామగారు కదా. ఆవిడంటావేమిటి?"

కోడలు నోరు తెరిచి, మూసుకుంది. ఆ ఒక్క క్షణం అక్క చెవిలో పడింది. మాట తొందరపడి గడప దాటి, చప్పున వెనక్కి లాక్కున్న చప్పుడు. ఎక్స్చేంజిలో ఇలాంటివి ఎన్నో విన్నది. అక్క ఇంకేమీ అడక్కుండా లేచి బొగ్గుల కొట్టు తలుపు తీసింది.

కొట్టుకి దారి వంటింట్లోంచే. మంచమంత పొడవు, చాపంత వెడల్పు. ఓ మూల బొగ్గుల గోతం ఉంది, మూతి కట్టిన తాడు మీద కూడా సాలీడు గూడు. వాడే బొగ్గులు పొయ్యి కింద తట్టలో ఉన్నాయి కాబట్టి ఇక్కడి బొగ్గులు ఎవరూ ముట్టుకోవడం లేదన్నమాట. రెండో వైపు గోడ లేదు. చికిత్స గదికీ కొట్టుకీ మధ్య చెక్క అడ్డు. దాన్ని ఆనుకుని రెండు పీటలు. ఒకటి కూర్చుని కూర్చుని నున్నబడిపోయింది, మీద దూది మెత్త. రెండోది కొత్త చెక్క. మెత్తమీద అక్క వేలు రాసి చూసుకుంది. మసి అంటలేదు.

"బొగ్గుల కొట్లో తెల్లటి మెత్త చూశారా?" అంది మొగుడితో.

కంపౌండరు గాలికంత చూస్తున్నాడు. "ఏమోయ్, ఈ అంచులకి మేకులున్నాయి, లోపలివైపు. చొక్కా తగిలించుకోవడానికి కొట్టినట్టున్నాయి. బయటినుంచి కుక్కితే ఇవెందుకు?"

అక్క పాత పీటమీద కూర్చుంది. మోకాళ్ళు చెక్కకి తగిలాయి. సరిగ్గా ఆవిడ నోటి ఎత్తులో, చెక్కలో రూపాయంత కన్నం. దాని చుట్టూ కొయ్య నల్లబడి, నిగనిగలాడుతోంది. ఏళ్ళతరబడి ఊపిరి తగిలితే తప్ప అలా కాదు.

"ఏమండీ, మీరు వెళ్ళి ఆ గదిలో పేషెంటులా కూర్చోండి. కళ్ళు మూసుకోండి."

"నన్నొక్కణ్ణే?"

"నేనెలాగూ ఆ గదిలోకి రాకూడదుగా."

కంపౌండరు చుట్టూ తిరిగి చికిత్స గదిలోకెళ్ళాడు. వెనకే ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెక్క అడ్డుకి ఆనించి ఉన్న ఖాళీ కుర్చీ ముందు కంపౌండరు బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి కుర్చీలోంచి, ఎవరో ఎదురుగా కూర్చుని చెవి దగ్గర చెప్తున్నట్టు, మెత్తగా ఒక గొంతు వినిపించింది.

"పొద్దున్న బీపీ మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను" అన్నాడు కంపౌండరు కుర్చీతో.

"అబద్ధం."

"మరిచిపోయాను. ఇంటికెళ్ళగానే వేసుకుంటాను."

"మీకేమన్నా అయితే నాకెవరున్నారు?"

కంపౌండరు కళ్ళు తెరిచాడు. రెప్పలు తడిశాయి. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు అక్కడెవరూ లేని కుర్చీ కింద వంగి చూస్తున్నాడు.

అక్క కొట్లోంచి ఇవతలికొచ్చేసరికి కోడలు తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"తెలిసిపోయింది కదండీ" అంది.

"మాట చెప్పేది మీ అత్తగారు."

"మొదట్నించీ. మామయ్యగారు మణికట్టు పట్టుకుని పెదాలు కదిపేవారు, అంతే. ఇప్పుడు మా ఆయన కదుపుతున్నారు. ఏడాదిగా అత్తయ్య నాకు నేర్పుతున్నారు. ఆ కొత్త పీట నాదే, మా ఆయనే చేసిచ్చారు. మాట బయటికి పోకుండా గాలికంతకి నా పాత చొక్కా తగిలిస్తాం. రోజూ నేను సందులోకెళ్ళి సరిగ్గా మూసుకుందో లేదో తడిమి చూస్తాను. కూర్చునేముందు ఆవిడ కాసేపు ఒంటరిగా చీకట్లో ఉంటారు. కట్టుబాటు కూడా తప్పలేదండి. అత్తయ్య ఆ గదిలో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు."

"ఇది నిన్ననే చెప్పొచ్చుగా?"

"ఆవిడకి నేనూ మా ఆయనా మాటిచ్చాం. ఎప్పుడు చెప్పాలో ఆవిడే చెప్తానన్నారు. మొన్న భోజనాల దగ్గర మా అందరికీ చెప్పారు కూడా. రేపొక్కరోజే లోపల, ఎల్లుండినుంచి ముందు కుర్చీలో నా మొహంతో నేనే కూర్చుంటానని." కోడలు పాత పీట వైపు చూసింది. "ఎల్లుండంటే ఇవాళే."

"భోజనాల దగ్గర అందరూ అంటే?"

"నేను, మా ఆయన, చినమామయ్య."

"మీ చినమామయ్యకి అంతకుముందు తెలుసా?"

"ఆయనకొక్కరికే తెలియదండి. ఆయన సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు."

ఇన్‌స్పెక్టరు ఇదంతా విన్నాడు. కాస్త మెత్తబడ్డాడు కానీ పూర్తిగా కాదు. "సరే అక్కా. చొక్కా సంగతి, సందు సంగతి ఒప్పుకుంటాను. కానీ కుంపటి? అది కాళ్ళొచ్చి నడిచి కొట్లోకి వెళ్ళదు. ఎత్తడం ఆడవాళ్ళకే అలవాటు. మళ్ళీ ఈ అమ్మాయి దగ్గరికే వస్తుంది."

"అలవాటు. ఆ మాట బాగుంది" అంది అక్క. కుంపటి ఇంకా కొట్లోనే ఉంది, బూడిదతో చల్లారిపోయి. "అమ్మాయ్, దీన్నెత్తి చూపించు."

కోడలు గోడ మేకుకి తగిలించిన గుడ్డ తీసి, తొట్టిలో తడిపి, పిండి, కుంపటి ఒక చెవికి చుట్టింది. రెండో చెవిని మామూలు చేత్తో పట్టుకుంది.

"ఆ చెవికే ఎందుకు?"

"దీని కర్రపిడి ఎప్పుడో ఊడిపోయిందండి. లోపల ఉత్త ఇనుము, పైన మసి. చూస్తే తెలియదు. నేను కొత్తగా వచ్చినప్పుడు అత్తయ్య మొట్టమొదట నేర్పింది ఇదే."

"మగవాళ్ళెవరికైనా తెలుసా?"

"వాళ్ళు దీన్ని కొంకి కర్రతో తప్ప ముట్టుకోరుగా."

ఇన్‌స్పెక్టరు వెంటనే అందుకున్నాడు. "బాబాయిగారి చెయ్యి సంగతేగా నువ్వనేది? ఆయన కాల్చుకుంది కాపాడేటప్పుడని చెప్పానా. తలుపు తీసి, కుంపటి బయటికి లాగబోయాడు. వేడికి వదిలేశాడు. అందుకే గడప దగ్గర నిప్పులు ఒలికిన మచ్చ ఉంది. మంచి చేసినవాడి చెయ్యి కాలితే అనుమానిస్తావా?"

"తమ్ముడూ, గడప మీద నిప్పులు పడ్డాయి, నిజమే. ఇలా వచ్చి కూర్చో."

"యూనిఫారం మాసిపోతుంది."

"మీ ఆవిడ ఉతకదులే, నువ్వే ఉతుక్కో. కూర్చో."

ఇన్‌స్పెక్టరు గొంతుక్కూర్చున్నాడు. అక్క కొట్టు తలుపు మెల్లగా మూసింది. గడప మీది నల్లమచ్చ సగం తలుపు కిందికి వెళ్ళిపోయింది. మళ్ళీ తెరిచి తలుపు అడుగంచు చూపించింది. అక్కడా అంతే వెడల్పున చెక్క కాలి బొగ్గయింది. మూస్తే మచ్చమీద మచ్చ అతికినట్టు కూర్చుంది. తెరిస్తే రెండూ రెండు చోట్ల.

"తలుపు ఈ చోట కాలాలంటే నిప్పు దాని కిందుండగా తలుపు మూసి ఉండాలి, అదీ చాలాసేపు. కాపాడేటప్పుడు తలుపు తెరిచి ఉంది, నిప్పులు చల్లారేదాకా ఎవరూ మూయలేదు. అంటే ఈ నిప్పులు కుంపటి లోపలికి వెళ్ళేటప్పుడు ఒలికాయి. ఎత్తినవాడికి చెయ్యి కాలింది, కుంపటి జారింది, ఎలాగో లోపల పెట్టి తలుపు వేశాడు. అలవాటున్న చెయ్యి కాలదురా."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆ మచ్చనే చూశాడు. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు చేసినట్టే చెవి గోక్కున్నాడు.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడన్నావు?" అని అడిగింది అక్క.

తమ్ముడు లేచి జీపు వైపు పరుగెత్తాడు.

దారిలో కంపౌండరు, "ఆక్సిజన్ గొట్టం నొక్కిపట్టడానికి చెయ్యి బాగుండక్కర్లేదు" అని గొణిగాడు. ఇన్‌స్పెక్టరు యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తొక్కాడు.

వార్డు చివర గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఇన్‌స్పెక్టరు తన్నబోతుంటే అక్క అడ్డంగా చెయ్యి పెట్టింది. లోపల్నుంచి గొంతు వినిపిస్తోంది. బొంగురుగా ఉంది, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగుతోంది. అయినా ఆ గొంతులో ఏదో ఉంది, వింటున్న అక్కకి తెలియకుండానే భుజాలు దిగాయి. ఆవిడ తలుపు సందులోంచి చూసింది.

పెద్దావిడ దిండుకి జారబడి ఉంది. ఆక్సిజన్ ముసుగు గడ్డం కిందికి లాగేసుకుంది. మంచం పక్కన నేలమీద బాబాయి కూర్చున్నాడు, నెరిసిన తల పరుపుకి ఆనించి. ఆయన కాలిన అరచెయ్యి ఆవిడ చేతుల్లో ఉంది. కట్టు విప్పేసి, ఆ అరచేతిమీద ఊదుతూ ఆవిడ మాట చెప్తోంది. ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

ముగ్గురూ లోపలికి వచ్చాక పెద్దావిడ తలెత్తింది. ఇన్‌స్పెక్టరు టోపీ చూసి వెంటనే అంది:

"కుంపటి నేనే పెట్టుకున్నాను బాబూ. చలేసింది. ముసలిదాన్ని, గాలికంత సంగతి మరిచిపోయాను."

"అబద్ధం చెప్పకు వదినా" అన్నాడు బాబాయి. ఆయన లేవలేదు. "నేను పెట్టాను సార్. చలిగా ఉంది, వెచ్చగా ఉంటుంది వదినా అన్నాను. నా మాట నమ్మింది. పొగకి గొంతు పట్టేస్తే చాలనుకున్నాను. మాట పెగలకపోతే ఆ కుర్చీలో కూర్చోలేదుగా అనుకున్నాను. లోపల దబ్బున పడ్డ చప్పుడయ్యేదాకా నాకు ఇంకోటి తోచలేదు."

"వీధిలో ఆ కథ చెప్పింది?" అని అడిగింది అక్క.

"నేనే. నేను చేసింది మాట మీదికి నెట్టాను."

"ఎందుకు చేశారు?"

ఆయన రెండో చేత్తో మొహం తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు నాకు నత్తి. బళ్ళో నా పేరు నేను చెప్పుకోలేకపోయేవాణ్ణి. అన్నయ్య ఆ గదిలో కూర్చోబెట్టి పోగొట్టాడు. నా జన్మంతా ఆ గొంతు మీద నిలబడింది సార్. అన్నయ్యలో దేవుడున్నాడనుకున్నాను. మొన్న అన్నం దగ్గర వదిన నవ్వుతూ, నీ నత్తి తీసింది నేనేరా అంది. నాకు కాళ్ళకింద నేల లేదు."

"నేను నవ్వకుండా చెప్పాల్సింది" అంది పెద్దావిడ. "వీడు నా చేతుల్లో పెరిగాడు. వీడికొక్కడికీ ముందే చెప్పాల్సింది. మా ఆయన వద్దనేవారు. వాడి దేవుణ్ణి వాడికుండనీ అనేవారు."

"మీవారు ఎందుకు ముందు కూర్చున్నారు?"

ఆవిడ ముసుగు పెట్టుకుని రెండు ఊపిర్లు పీల్చుకుని మళ్ళీ దించింది. "ఈ మాట మా అమ్మమ్మది. ఆవిడ పగటిపూట, తలుపులు తీసి పెట్టుకుని చెప్పేది. ఒక ఏడాది ఊళ్ళో పిల్లలకి జబ్బు చేసింది. ఆడది మంత్రాలు చెప్తే ఇంతే అన్నారు. ఇంటికి నిప్పు పెట్టారు. అమ్మమ్మ నన్ను కిటికీలోంచి బయటికి తోసింది, తను రాలేకపోయింది. పెళ్ళయిన కొత్తలో నేను మా ఆయనకి ఈ సంగతి చెప్పి, మాట మరిచిపోతానన్నాను. ఆయన రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే చెక్కలో కన్నం తొలిచారు. నీ మాటకి నా మొహం అడ్డం పెడతాను, మరిచిపోకు అన్నారు. ఆ కట్టుబాటు కూడా ఆయన కల్పించిందే. ఆడది ఆ గదిలోకి రాకూడదంటే, కొట్లో ఉన్న ఆడదాని కోసం ఎవరూ వెతకరుగా."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"మరి ఇప్పుడెందుకు బయటపడాలనుకున్నారు?" అని అడిగాడు కంపౌండరు.

"అడ్డం పెట్టిన మొహం పోయింది కదయ్యా. ఇప్పుడు నా కొడుకు మొహం అడ్డం పెట్టాలి, రేపు మనవడిది. ఎంతమంది మగపిల్లల చేత పెదాలు కదిపించను? పైగా నా కోడలికి మంచి గొంతుంది. బస్సు చివరిదాకా వినపడే గొంతు. దాన్ని బొగ్గుల కొట్లో కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు."

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను మోగింది. చూసి, స్పీకరు నొక్కాడు. వడ్రంగి గొంతు రొప్పుతూ వినిపించింది.

"సార్, మీరెక్కడున్నా రండి. జనం వచ్చేశారు. మా ఆవిడ వీధి తలుపులు బార్లా తీసేసింది సార్. నేను ఆపేలోపు వెళ్ళి ముందు కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ మాట చెప్పింది మా అత్తయ్య, ఇవాళ్టినుంచి నేను చెప్తానంది అందరి ముందూ."

"నువ్వెక్కడున్నావు?"

"గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. కర్రలతో ఉన్నారు సార్. కొందరు ఏడుస్తున్నారు కూడా. ఎవరు ఎటో తెలియడం లేదు."

అక్క ఫోను మీదికి వంగింది. అరుపుల వెనక, వాటికి ఏమాత్రం అదరకుండా, ఇంకో గొంతు ఉంది. ఊగే బస్సులో నిలబడి ఇరవైమందిని సర్దే గొంతు.

"తోసుకోకండి. తిట్టేవాళ్ళు బయట నిలబడి తిట్టండి. నిద్రపట్టనివాళ్ళు మాత్రం లోపలికి రండి. ఒక్కొక్కరే."

ఒక్క క్షణం అరుపులు ఆగాయి. ఆ ఖాళీలో ఎవరో ఒక అడుగు ముందుకేసిన చప్పుడు అక్కకి స్పష్టంగా వినిపించింది. ఆ వచ్చింది మణికట్టు చాచడానికో, చెయ్యెత్తడానికో తెలిసేలోపే గాజు భళ్ళున పగిలింది. ఫోను తెగిపోయింది.

ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్లమీద ఉన్నాడు, వైర్‌లెస్‌లో మనుషుల్ని పిలుస్తూ. అక్క అతని వెనక వెళ్ళబోయి, మంచం కిర్రుమంటే ఆగింది.

పెద్దావిడ కాళ్ళు రెండూ కిందికి దించింది. మరిది వైపు చూసి, చెంగున దూకబోయే పిల్లలా రెండు చేతులూ పరుపుకి ఆనించింది.

"నా చెప్పులు అందుకో."

"నువ్వు లేవకూడదు వదినా. డాక్టరు చెప్పాడు."

"నన్ను నువ్వు పడుకోబెట్టావు. నువ్వే లేవదియ్యి."

ఆయన మంచం కింద తడిమి చెప్పులు తీశాడు. కాలిన చేత్తోనే ఒక్కొక్కటీ ఆవిడ పాదాలకి తొడిగాడు. భుజం అందించాడు.

అక్క మొగుడి వైపు చూసింది. ఆయన కాసేపు తటపటాయించాడు, డాక్టరు ఏమంటాడో ఆలోచించుకుంటూ. తర్వాత సంచీ అక్క చేతికిచ్చి, ఆక్సిజన్ సిలిండరు ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"పదండమ్మా" అన్నాడు. "ముక్కునుంచి ఇది మాత్రం తియ్యకండి. మీరు ముందు నడవండి, నేను వెనకే ఉంటాను."